మా ఇంట్లో మూడు రోజుల షూటింగ్

"అమ్మా! కుక్కర్... కుక్కర్!"

మా అమ్మాయి అరుపుకు గుండె జారిపోయింది. ఏ గ్యాసో లీకయిందనుకుని వంటింట్లోకి పరుగెత్తాను. చూస్తే ఏమీ లేదు. మామిడికాయ పప్పుకు మొదటి విజిల్ వచ్చింది, అంతే. కానీ ఆ ఒక్క విజిల్‌తో మా ఇంటి వెనక వాకిట్లో జరుగుతున్న 'షాట్' పాడైపోయిందట! కెమెరా పట్టుకున్న పిల్లవాడు తల పట్టుకున్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అమ్మాయి వాటిని తీసి నా వైపు జాలిగా చూసింది. మా అత్తమ్మ మాత్రం నులక మంచం మీద అలాగే కూర్చుండిపోయింది. నేను చేసిన తప్పేమిటో అర్థంకాక స్టవ్ కట్టేసి గుమ్మంలో నిలబడ్డాను. ఎనిమిది మందికి పెట్టాల్సిన పప్పు సగం ఉడికి ఊరుకుంది.

షూటింగంటే ఇంత తతంగం ఉంటుందని కలలో కూడా అనుకోలేదండీ. అసలీ గొడవంతా ఎలా మొదలైందో చెప్తాను, వినండి.

మాది అచ్చంపేట. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయేవాళ్లు చాలామంది మా ఊరి పేరు వినే ఉంటారు. నల్లమల అడవికి వాకిలి లాంటి ఊరు. కొండ మీద ఉమామహేశ్వరం, అటు పోతే మన్ననూరు, అడవిలో మల్లెలతీర్థం, ఏడాదికొక్కసారి చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. మావారు ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తారు. నేను ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేసి, జాకెట్లు కుడతాను. అత్తమ్మ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి, ఈ ఏడాదే పదో తరగతి పరీక్షలు రాసింది.

పోయిన వేసవిలో మా ఆడబిడ్డ దాన్ని హైదరాబాదుకు పిలిపించుకుని, తన కూతురితో పాటు పది రోజుల సినిమా శిక్షణ శిబిరంలో చేర్పించింది. సెలవుల్లో పిల్లలు ఊరికే ఫోను చూస్తూ కూర్చోకుండా ఏదో ఒకటి నేర్చుకుంటారులే అనుకున్నాం. తిరిగొచ్చి మాకు రెండు నిమిషాల సినిమా చూపించింది. బస్టాండులో తెగిన చెప్పు ఒకటి, దాన్ని దాటిపోయే జనం, చివరికి కుట్టించుకునే ముసలాయన. "చెప్పు మీద సినిమా ఏందే!" అని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. ఆ సంగతి అక్కడితో మరిచిపోయాం కూడా.

అది మరవలేదు. ఈ వేసవికి రెండో మెట్టు ఉందట. 'అడ్వాన్స్‌డ్ క్యాంపు'. మొదటిది చేసినవాళ్లకే ప్రవేశం. మూడు వారాలు. ఎవరి కథ వాళ్లే రాసుకోవాలి, సొంత ఊరి నుంచే తెచ్చుకోవాలి, అయిదుగురు కలిసి ఒక జట్టుగా ఎనిమిది నిమిషాల సినిమా తియ్యాలి. రుసుము పద్దెనిమిది వేలు!

అదే సమయానికి ఇంటర్‌కు ముందస్తు తరగతులంటూ ఒక కాలేజీవాళ్లు రోజూ ఫోన్లు. మావారు కాలేజీ వైపు. నేను ఎటూ కాకుండా మధ్యలో. పక్కింటి వదిన అయితే "ఆడపిల్లకు సినిమాలెందుకు వదినా, రేపు సంబంధాలు చూసేటప్పుడు అడగరా?" అని నిలదీసింది.

నిజం చెప్పొద్దూ, నాకూ అదే భయం. కానీ ఎక్కడో ఒక మూల ఇంకొకటి గుర్తొచ్చింది. పెళ్లికి ముందు లైబ్రరీ నుంచి తెచ్చుకుని రాత్రుళ్లు చదివిన యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా' నవల. దాన్ని 1973లో సినిమాగా తీసింది ఒక స్త్రీ, విజయనిర్మల గారు. నలభైకి పైగా సినిమాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ పుస్తకంలో కెక్కారావిడ. అంతకంటే ఇరవై ఏళ్ల ముందే, 1953లో, భానుమతి గారు 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు. ఆ రోజుల్లో వాళ్లకు ఎవరైనా సంబంధాల మాట చెప్పి ఉంటే ఏమయ్యేదో!

చీటీ పాడాను. పద్దెనిమిది వేలు కట్టాను. "నీ ఇష్టం" అన్నారు మావారు. ఆ మాటకు అర్థమేమిటో మీకు చెప్పక్కర్లేదనుకుంటా.

కుట్టుపనికీ సినిమాకూ చుట్టరికం

మొదటి వారమంతా రోజూ రాత్రి ఫోన్లో పాఠం నాకు అప్పజెప్పేది. వింటుంటే నాకొక సంగతి తోచింది. సినిమా పనికీ నా కుట్టుపనికీ పెద్ద తేడా లేదు!

క్లాప్ బోర్డు ఉంటుంది చూడండి, టక్కున కొడతారే, అది ఉత్త అలంకారమనుకున్నాను ఇన్నాళ్లూ. బొమ్మ కెమెరాలో పడుతుంది, మాట వేరే రికార్డరులో పడుతుంది. తర్వాత బల్లలు కలిసిన బొమ్మనూ, టక్కుమన్న చప్పుడునూ ఒకచోట పెట్టి రెంటినీ జతచేస్తారట. మనం జాకెట్టు కత్తిరించేటప్పుడు రెండు ముక్కలకూ చిన్న గాటు పెట్టుకుని, కుట్టేటప్పుడు గాటుకు గాటు కలపమూ? ఇదీ అంతే.

ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుతుంటే వాళ్ల మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరాను ఆ గీతకు ఒకే పక్కన ఉంచాలట. దాటితే తెర మీద ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు కనపడతారట. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు కదిలితే మన కంటికి అది నడకలా కనిపిస్తుందట. ఇంకో వింత, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం పాటు ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోవాలట. మాటకూ మాటకూ మధ్య అతుకు వేసినచోట ఆ నిశ్శబ్దం లేకపోతే ఎబ్బెట్టుగా ఉంటుందట. అస్తరు గుడ్డ లాంటిదన్నమాట. పైకి కనపడదు, లేకపోతే తెలిసిపోతుంది.

పెరటి చెట్టు

అంతా బాగానే ఉంది గానీ కథ దగ్గర చిక్కొచ్చిపడింది. నల్లమల పిల్ల కదా, మొదట పులి కథ రాసిందట. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కెమెరా పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, పిల్లల పని కాదన్నారు. తర్వాత దయ్యం కథ రాసింది. జట్టులో ఇంకో ఇద్దరు కూడా దయ్యం కథే రాసుకొచ్చారట. అప్పుడు వాళ్లకు నేర్పే టీచరమ్మ అడిగిందట, "మీ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న ఏదైనా ఉందా?" అని.

ఆ రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, నానమ్మ చిన్నప్పటి ఫోటో ఒక్కటి కూడా లేదెందుకు?" అని అడిగింది.

నా నోట మాట రాలేదు. ఎందుకు లేదో మా ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలుసు.

పాలమూరు లేబర్ అన్న మాట మీరు వినే ఉంటారు. వానల్లేక, నీళ్లు లేక మా జిల్లా జనం తరాల తరబడి తట్టా పారా పట్టుకుని దేశమంతా తిరిగారు. గుంపు మేస్త్రీ బయానా ఇస్తాడు. ఆ అప్పు తీరేదాకా ఆలుమగలిద్దరూ ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోవాలి. ఎన్ని ఆనకట్టలు, ఎన్ని కాల్వలు, ఎన్ని రోడ్లు వాళ్లు మోసిన మట్టి మీద నిలబడ్డాయో లెక్కలేదు. 1960లలో మొదలై 1980ల దాకా సాగిన శ్రీశైలం ప్రాజెక్టు పనికి మా మామయ్యా అత్తమ్మా కూడా అలాగే పోయారు. మావారు పుట్టింది అక్కడి గుడిసెల్లోనే.

మావారికి ఆ సంగతి ఎత్తితే గిట్టదు. బడిలో పిల్లలు "డ్యాం కాడ పుట్టినోడు" అని ఏడిపించేవారట. కష్టపడి డిగ్రీ చదివి, తెల్లచొక్కా వేసుకుని లెక్కలు రాసే ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. ఎవరైనా అడిగితే "మా నాయిన కాంట్రాక్టు పని చేసేది" అంటారు. ఆ అబద్ధాన్ని మా పుట్టింటి వాళ్ల దగ్గర నేనూ మోశాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి.

కూతురు ఏ సినిమా తియ్యబోతోందో తెలిసిన రోజు మావారు అన్నం ముందు నుంచి లేచిపోయారు. "ఇంటి గుట్టు ఊరందరికీ తెర మీద చూపిస్తదా? పద్దెనిమిది వేలు కట్టింది ఇందుకా?" అన్నారు. నేను ఊరుకున్నాను. నిర్ణయం చేసింది మా అత్తమ్మే.

"నన్ను గింతవరకు ఎవలు అడిగిండ్రు? రమ్మను పిల్లను" అంది.

వచ్చింది దండు

రెండో వారం సోమవారం పొద్దున్నే దిగారు. మా అమ్మాయితో కలిపి అయిదుగురు పిల్లలు, వెంట టీచరమ్మ. మూడు కాళ్ల స్టాండు, కెమెరా, మైకు, దాన్ని తగిలించే పొడుగాటి కర్ర, రెండు తెల్లటి థర్మోకోల్ అట్టలు. ఆ అట్టలు ఎందుకని అడిగితే ఎండను మొహం మీదికి మళ్లించడానికట! లైట్లు అద్దెకు తెచ్చే ఖర్చు తప్పుతుందన్నమాట. మూడు రోజుల్లో రెండు రోజులు ఆ అట్ట పట్టుకుని నిలబడింది నేనే.

సినిమాకు ఇరవై నాలుగు శాఖలంటారు. మా ఇంట్లో ఇరవై అయిదో శాఖ భోజనాలది. పట్నం పిల్లలు ఏం తింటారో అని బెంగపడ్డాను. జొన్న రొట్టె, పల్లి తొక్కు, పచ్చిపులుసు పెడితే వేళ్లు నాక్కున్నారు. పచ్చిపులుసులో నువ్వులు వేయించి దంచి వేశాను, దాని రుచే వేరు. పైన కొల్లాపూర్ మామిడిపండ్లు. చివరి రోజు వాళ్లలో ఒకబ్బాయి రొట్టె చెయ్యడం కూడా నేర్చుకున్నాడు. గుండ్రంగా రాలేదనుకోండి.

నాకు ఇంకో ఉద్యోగం కూడా దొరికింది. 'కంటిన్యూటీ' అట. పొద్దున తీసిన షాట్‌కూ సాయంత్రం తీసిన షాట్‌కూ తేడా రాకుండా చూడాలి. కొంగు ఏ పక్కన ఉంది, బొట్టు ఎంత ఉంది, చేతికి గాజులెన్ని. పిల్లలు ఫోన్లో ఫోటోలు తీసుకుని పోల్చుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. పదేళ్ల కిందటి పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టుకున్నారో చెప్పగలిగే ఆడవాళ్లం, మనకు ఫోటోలెందుకండీ! "అత్తమ్మ ముక్కుపుడక పొద్దున ఉంది, ఇప్పుడు లేదు" అని నేను పట్టుకున్నప్పుడు టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

గడ్డి తట్ట

రెండో రోజు జరిగింది మాత్రం నవ్వే సంగతి కాదు.

అత్తమ్మ తట్ట ఎత్తుకుని నడిచే షాట్ కావాలంది మా అమ్మాయి. పెద్దావిడ, బరువు మోయించకూడదని తట్ట అడుగున గడ్డి కుక్కి, పైన పలుచగా మట్టి పోశారు. అత్తమ్మ సుట్టబట్ట పెట్టుకుని తట్ట ఎత్తుకుంది. నాలుగడుగులు వేసి ఆగి, దించేసింది.

"గిందుల గడ్డి ఉన్నది."

"నీకు బరువైతదని నానమ్మా..."

"బరువు లేకుంటె ఆ నడక యాడికెల్లి వస్తది బిడ్డా? ఉత్త తట్టకు మెడ ఊగుతది. మోసినోళ్లు చూస్తే నగుతరు" అని తనే పార అందుకుని మట్టి నింపబోయింది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మోకాళ్ల నొప్పులు, బీపీ మాత్రలు వేసుకునే మనిషి. అందరి ముందే కూతురిని కడిగేశాను. "నీ సినిమా కోసం ముసలామెతో మళ్లీ మట్టి మోయిస్తవా? అప్పుడు పొట్టకోసం మోసింది. ఇప్పుడు నీ బొమ్మకోసం మోయాల్నా?"

దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కెమెరా ఆపేశారు. అరగంట సేపు ఎవరూ మాట్లాడలేదు. టీచరమ్మ కూడా ఏమీ అనకుండా వేపచెట్టు కింద కూర్చుంది. ఇన్ని డబ్బులు పోసి, ఇంత దూరం వచ్చి, ఇక్కడితో ఆగిపోతుందేమోనని నాలో నేనే కుమిలిపోయాను. కానీ అన్నమాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

చివరికి అత్తమ్మే మనవరాలిని పిలిచింది. "నువ్వు మొయ్యి."

"నేనా?"

"నువ్వే. నేను చెప్త, నువ్వు మొయ్యి."

అంతే, కథ తిరిగిపోయింది. గడ్డి తీసేసి నిండుగా మట్టి నింపారు. అత్తమ్మ తన పాత చీర ముక్కను చుట్టి సుట్టబట్ట చేసి దాని నెత్తిన పెట్టింది. "మెడ బిగబట్టకు, నిలబెట్టు. కాళ్లు చూసుకోకు, ముందటికి చూడు. నడుముతోని నడువు." మొదటిసారి పదడుగులకే మట్టి ఒలికిపోయింది. రెండోసారి తట్టే పడింది. అత్తమ్మ మంచం మీద కూర్చుని, చేత్తో గాలిలో గీతలు గీస్తూ చెప్తూనే ఉంది. దర్శకురాలు ఎవరో, నటి ఎవరో ఎవరికీ గుర్తులేదు. మూడోసారి వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది మా పిల్ల. దించాక మెడ పట్టుకుని కూర్చుండిపోయింది. "రోజుకు ఎన్ని నానమ్మా?" అని అడిగింది.

"ఎంచుకునేది. తట్టకొక చింతగింజ కొంగున మూట గట్టేది. మేస్త్రీ లెక్క మేస్త్రీది, నా లెక్క నాది."

కెమెరా పట్టుకున్న పిల్లవాడు అప్పటిదాకా కుర్చీ ఎక్కి పైనుంచి తీస్తున్నాడు. మా అమ్మాయి అతన్ని కిందికి దింపి, కెమెరాను నానమ్మ కళ్ల ఎత్తుకు పెట్టించింది. ఎందుకో ఆ రాత్రి చెప్పింది.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్ అనే ఊళ్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత రైతు మహిళలు, బడి మొహం చూడనివాళ్లు, పాతికేళ్ల కిందటే కెమెరా నేర్చుకున్నారు. తమ విత్తనాల మీద, తమ పంటల మీద తామే సినిమాలు తీశారు. హై యాంగిల్, లో యాంగిల్ అనే మాటలు వాళ్లకెందుకు? పేర్లు వాళ్లే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది 'పటేల్ షాట్'. గద్దె మీద కూర్చున్న పటేలు కూలివాళ్లను అలాగే చూస్తాడు కదా. కింద నుంచి పైకి చూస్తే బానిస చూపు. కళ్లకు కళ్లు సమానంగా ఉంటే 'సంఘం షాట్'. సంఘంలో అందరూ చాప మీద సమానంగా కూర్చుంటారు గనుక.

"కుర్చీ ఎక్కి తీస్తే నానమ్మను పటేలు చూసినట్టు చూస్తున్నమమ్మా" అంది మా అమ్మాయి. పొద్దున నేను కేకలేసింది కూడా దాని గురించే. నాకు మాత్రం ఆ పేరు తెలియదు.

కుక్కర్ విజిల్

మూడో రోజు అత్తమ్మ మాటలు రికార్డు చేశారు. నా కుక్కర్ మోగింది అప్పుడే. ఆమె ఏం చెప్తుండగా మోగిందో నాకు తర్వాత తెలిసింది.

కొడుకు పుట్టిన మూడో వారానికే మళ్లీ పనిలోకి దిగిందట. మూడు గుంజలు కట్టి, చీరతో ఉయ్యాల వేసి, పిల్లవాడిని అందులో పడుకోబెట్టేది. రాళ్లు పేల్చే ముందు హెచ్చరికగా విజిల్ ఊదేవారట. "ఇజిల్ ఇనంగనె తట్ట యాడ ఉన్నదాడ పారేసి ఉయ్యాల కాడికి ఉరికేది. పిల్లగాని చెవులు మూసెతందుకు. ఒక్కనాడు అందుకోలేకపోయిన..." అన్నదట. సరిగ్గా అక్కడ నా కుక్కర్ మోగింది.

అత్తమ్మ రెండు చేతులూ పైకి లేచాయి. తన చెవులకు కాదు. ఒడిలో లేని బిడ్డ మీదికి.

తర్వాత ఆమె ఇంకేమీ చెప్పలేదు. మళ్లీ చెప్పమని పిల్లలు అడగలేదు. నేను షాట్ పాడుచేశాననే అనుకుని ఆ సాయంత్రమంతా బాధపడ్డాను. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి వంట ముగించి పెట్టాను. అప్పటికే వాళ్లు సామాను సర్దుకుంటున్నారు!

మూడో వారం ఎడిటింగ్. మూడు రోజులు తీసిన దాంట్లో ఎనిమిది నిమిషాలు మిగిల్చి మిగతాదంతా తీసేయాలి. అయిదు మీటర్ల గుడ్డలోంచి ఒక్క జాకెట్టు కుట్టమన్నట్టు. థర్మోకోల్ అట్ట పట్టుకుని నేను పడ్డ పాట్లు ఎటో కొట్టుకుపోయాయి. ఆ కుక్కర్ విజిల్ మాత్రం ఉంచేసింది. టీచరమ్మ ఆ శబ్దాన్ని తీసేసే వీలుందని చెప్పినా, "ఉండనీయండి మేడమ్" అందట.

చివరి రోజు హైదరాబాదులో చిన్న హాల్లో ప్రదర్శన. నేనూ అత్తమ్మా పోయాం. మావారు దుకాణంలో స్టాకు లెక్కలున్నాయన్నారు. తెర మీద తనను తాను చూసుకుని అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. అయిపోయాక ఎవరో పెద్దావిడ వచ్చి, తనది కూడా పాలమూరేనని, తన తల్లి కూడా తట్ట మోసిందనీ చెప్పి కళ్లు తుడుచుకుంది. నేను పుట్టింటి వాళ్ల దగ్గర దాచిన సంగతిని ఆవిడ ఎవరో తెలియని మా ముందు బయటపెట్టుకుంది.

మీరూ పంపాలనుకుంటే

మీలో ఎవరైనా పిల్లల్ని ఇలాంటి శిబిరాలకు పంపాలనుకుంటే నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్తాను.

నేరుగా పెద్ద శిక్షణకు పంపకండి. మొదటి మెట్టు ఎక్కాక, ఇంటికొచ్చి ఫోనుతోనైనా ఏదో ఒకటి తీస్తూ ఉంటేనే రెండోది. ఖరీదైన కెమెరా కొనకండి. శిబిరంలో ఇస్తారు, లేదా ఫోను చాలు. నేర్పేవాళ్లు ఎవరు, బయట షూటింగులకు వెంట పెద్దవాళ్లు ఎవరు వస్తారు, ఆడపిల్లల బస ఎక్కడ అన్నవి డబ్బు కట్టక ముందే అడగండి. చివరికి పిల్లల చేతికి పూర్తయిన సినిమా ఇస్తారా లేదా అన్నదీ అడగండి. "మీ పిల్లను స్టారును చేస్తాం" అనేవాళ్ల దగ్గర నుంచి మాత్రం వెంటనే లేచి వచ్చేయండి.

పెద్దయ్యాక ఇదే చదువుతామంటే దారులున్నాయి. పుణెలో 1960లో పెట్టిన ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోస్ వాళ్ల ఫిల్మ్ కాలేజీ 2011 నుంచి నడుస్తోంది. ఒకప్పుడు మన హైదరాబాదులో రెండేళ్లకోసారి అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం జరిగేది. పిల్లలే తీసిన సినిమాలకు అందులో ప్రత్యేక విభాగం కూడా ఉండేది. 2017 నవంబరులో అలా ఇరవయ్యో ఉత్సవం జరిగింది. దాన్ని నడిపిన బాలల చలనచిత్ర సమితిని 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. అలాంటి పండుగ మళ్లీ మన ఊళ్లో జరిగితే మా బిడ్డలాంటి వాళ్లకు ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

మా అమ్మాయి ఇంటర్‌లో చేరింది. ముందస్తు తరగతులు పోయినందుకు లెక్కల్లో వెనకపడింది, రాత్రుళ్లు కూర్చుని చదువుకుంటోంది. సినిమా వైపు పోతుందో లేదో నాకు తెలియదు. చీటీ డబ్బులు ఇంకా కడుతూనే ఉన్నాను.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను.

హైదరాబాదు నుంచి వచ్చిన మూడోనాటి రాత్రి మెలకువ వచ్చి చూస్తే మావారు పక్కన లేరు. కిటికీలోంచి చూశాను. వెనక వాకిట్లో, అదే నులక మంచం మీద, ఫోను సౌండు బాగా తగ్గించి చెవి దగ్గర పెట్టుకుని చూస్తున్నారు. కుక్కర్ విజిల్ వినపడింది. కాసేపాగి మళ్లీ వినపడింది. నేను పలకరించలేదు, వచ్చి పడుకున్నాను.

తెల్లారి దుకాణానికి పోయేముందు, చెప్పులు వేసుకుంటూ వేసుకుంటూ ఆగి, అత్తమ్మ పక్కన కూర్చున్నారు.

"ఉయ్యాలకు ఏ చీర కట్టినవే అవ్వా?"

"ఏ చీరేంది కొడుకా, ఉన్నది ఒక్కటే గద. సగం నేను కట్టుకున్న, సగం నీకు కట్టిన" అంది అత్తమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

ఆ రోజు ఆయన దుకాణానికి గంట ఆలస్యంగా పోయారు.